మన జిల్లాలో తెలుగు పుస్తకం నడచిన దారి

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయము వ్రాయవలసినదని సంఘ కార్యదర్శిగారు మమ్ములను కోరినారు. మేము చదివినది మెట్రిక్ వరకే. చేయునది రైల్వేలో గుమాస్తా ఉద్యోగము. చరిత్రకారులమని చెప్పుకొనుటకు మాకు ఏ అర్హతయు లేదు. అయినను పెద్దల మాట కాదనలేక, డ్యూటీ లేని రాత్రులలో నాలుగు పుస్తకాలు తిరగవేసి, తెలిసినంత వరకు వ్రాయుచున్నాము. తప్పులున్న సోదర సోదరీమణులు మన్నింతురు గాక.

మొదట రాయచూరు కోటను గూర్చి వ్రాయుదమనుకొన్నాము. 1294లో, కాకతీయుల కాలమున ఈ కోట కట్టిన సంగతి అక్కడి పెద్ద రాతి మీద చెక్కి ఉన్నది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బీజాపూరు సుల్తానుతో పోరి ఈ కోటను గెలిచినాడు. ఇవి మనవారు ప్రతి సభలోను చెప్పుకొనునవే, మన పిల్లలు కూడ విని విని ఆవులించునవే. కాబట్టి వాటిని వదలివేసినాము. దానికి తోడు, ఈ సంవత్సరము సంఘములో జరిగిన ఒక చర్చ మా మనస్సులో మెదలుచున్నది.

సంఘ భవనపు వరండాలో ఒక చిన్న పుస్తకాల అంగడి పెట్టవలెనని, నెలకొక ఆదివారము అక్కడ ఒక రచయితనో పండితుడినో పిలిచి మాట్లాడించవలెనని, పిల్లలకు కథలు చదివి వినిపించవలెనని కొందరు యువకులు ప్రతిపాదించినారు. అందరును మంచిదే అన్నారు. అయితే ఒక పెద్దాయన లేచి, "బాబూ, ఇది కన్నడ దేశము. మనము పొట్ట చేత పట్టుకొని వచ్చినవాళ్ళము. ఇక్కడ తెలుగు పుస్తకము ఎవడు కొంటాడు? రచయిత ఎందుకు వస్తాడు? మన ఊళ్ళలోనే ఎవరూ చదవడము లేదాయె" అన్నారు. ఆయన మాటలో కోపము లేదు, దిగులే ఉన్నది. ఎవరును వెంటనే జవాబు చెప్పలేదు. మేమును చెప్పలేదు. ఇప్పుడు ఈ వ్యాసముతో చెప్పుచున్నాము.

జవాబు క్లుప్తముగా ఇది: రచయితలు వచ్చినారు, పుస్తకము వెలువడినది. అది కూడ ఎక్కడో కాదు, నాటి రాయచూరు జిల్లాలోనే.

ఇది అర్థము కావలెనన్న మొదట ఒక సరిహద్దు గీత సంగతి చెప్పవలెను. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రములోనిది. అప్పుడు ఈ జిల్లాలో నేడున్న తాలూకాలే కాక గద్వాల, ఆలంపురము తాలూకాలు కూడ ఉండెను. రాష్ట్రముల పునర్విభజన శాసనములో, రాయచూరు జిల్లాలో ఆలంపురము, గద్వాల తాలూకాలు మినహా మిగిలినది మైసూరు రాష్ట్రములో చేరవలెనని వ్రాసినారు. 'మినహా' అన్న ఆ ఒక్క మాటతో ఆ రెండు తాలూకాలు ఆంధ్రప్రదేశములోని మహబూబునగరు జిల్లాకు పోయినవి. నేడు అవి తెలంగాణములో జోగుళాంబ గద్వాల జిల్లాలో ఉన్నవి. కచేరీ కాగితముల మీద వాటికి మన జిల్లాతో సంబంధము తెగి డెబ్బది ఏండ్లు కావచ్చినది.

ఆ ఆలంపురములో, విభజనకు దాదాపు నాలుగేండ్ల ముందు, 1953 జనవరి నెలలో ఆంధ్ర సారస్వత పరిషత్తు వారి సప్తమ వార్షికోత్సవములు జరిగినవి. తుంగభద్ర ఒడ్డున, చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయములున్న పల్లెటూరు వంటి ఊరు అది. నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఆ సభలకు వచ్చినారు. ఇంత పని నెత్తి మీద వేసుకొన్నవారు ఆ ఊరి పండితులు గడియారం రామకృష్ణశర్మగారు. ఆయన శాసనములు చదివినవారు, ఆలయముల చరిత్ర వ్రాసినవారు, 'సుజాత' అనే పత్రికను నడిపినవారు. ఆయన కన్నుమూసిన తరువాత 'శతపత్రము' అనే ఆయన ఆత్మకథకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఒక్క మనిషి పట్టుదల పట్టిన ఎంత దూరము పోవచ్చునో చూడుడు. మనకు భవనమున్నది, కార్యవర్గమున్నది, మైకుసెట్టున్నది. ఒక బల్ల వేయుటకు మూడు మీటింగులు చేసినాము.

ఆ సభలలోనే కాళోజీ నారాయణరావుగారి 'నా గొడవ' అనే కవితల పుస్తకము వెలువడినది. ఆవిష్కరించినవారు శ్రీశ్రీగారు. విశాఖపట్టణపు కవి వచ్చి, ఓరుగల్లు కవి పుస్తకమును, రాయచూరు జిల్లాలో లోకమునకు చూపినాడన్న మాట. అప్పటికి వారిద్దరివి వేర్వేరు రాష్ట్రములు. శ్రీశ్రీగారి ఊరు ఇంకను మద్రాసు రాష్ట్రములోనే ఉన్నది, ఆంధ్రరాష్ట్రము ఆ సంవత్సరము అక్టోబరులో గాని ఏర్పడలేదు.

ఇంకొక విశేషము. కాళోజీగారు పుట్టినది 1914 సెప్టెంబరు 9న, కర్ణాటకములోని రట్టిహళ్ళిలో. ఆయన తల్లిగారు కన్నడము మాట్లాడునది, తండ్రిగారి వైపు మరాఠీ. ఆయన మాత్రము వరంగల్లు జనుల నోటి మాటను పట్టుకొని తెలుగులో వ్రాసి, ప్రజాకవి అనిపించుకొని, 1992లో పద్మవిభూషణ బిరుదము పొందినారు. ఆయన పుట్టిన రోజునే నేడు తెలంగాణ భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. కన్నడ తల్లి కడుపున పుట్టినవాడు తెలుగు కవి అయినప్పుడు, కన్నడ బడిలో చదువు మన పిల్లవాడు తెలుగు పుస్తకము చదువుట ఏమి వింత? మా పెద్దాయనకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కొంతసేపు మాట్లాడక, "అట్లనా" అన్నారు.

ఆలంపురము సభ ఆకాశము నుండి ఊడిపడినది కాదు. ఆ గడ్డ మీద పుస్తకమునకు ముందునుండియే గౌరవమున్నది. గద్వాల సంస్థానమును 'విద్వద్గద్వాల' అని పిలిచేవారు. కార్తీక మాఘ మాసములలో అక్కడ పండిత సభలు జరిగేవి, దూరదూరముల నుండి కవులు వచ్చి సన్మానములు పొందేవారు. అయితే అది రాజుగారి సభ, పిలుపు ఉన్నవారికే ప్రవేశము. సామాన్యుడు నడిచిపోయి పుస్తకము చేత పట్టుకొనుటకు వీలైన చోటు కావలెనన్న, గ్రంథాలయములు రావలసి వచ్చినది.

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు మొదలగువారు దానికి మూలము. రాయచూరును గెలిచిన రాజు పేరు ఆ పుస్తకశాలకు పెట్టుట మాకు మొదట వింతగా తోచినది. ఆలోచింపగా న్యాయమే అనిపించినది. కోట మరల చేతులు మారినది గాని ఆ భాషానిలయము మాత్రము నూరేండ్లు దాటి నిలిచినది.

ఆ దినములలో హైదరాబాదు సంస్థానములో సర్కారు భాష ఉర్దూ. తెలుగు, కన్నడము, మరాఠీ మాట్లాడు జనులే ఎక్కువ, కాని పెద్ద చదువులలో వాటికి చోటు లేదు. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినీ థియేటరులో జరిగిన ఒక సంఘసంస్కరణ సభలో, ఆల్లంపల్లి వేంకట రామారావుగారు తెలుగులో మాట్లాడబోగా కొందరు గేలి చేసి కూర్చోబెట్టినారు. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. ఆ సంఘము వారు మొదట పట్టుకొన్న పని ఏమనుకొన్నారు? ఊరూర గ్రంథాలయములు, పాఠశాలలు పెట్టుట. మాడపాటి హనుమంతరావుగారు దానికి ప్రాణము పోసినారు.

అది సులభమైన పని కాదు. ఆ దశకములోనే 'గస్తీ నిషాన్ 53' అనే సర్కారు ఉత్తరువు వచ్చినది. సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి తీసికొనవలెను. గ్రంథాలయము వార్షికోత్సవమైనను సరే, అధికారికి అర్జీ పెట్టుకొని, అనుమతి వచ్చునో రాదో అని ఎదురు చూడవలెను. నేడు మనము పోలీసు స్టేషనులో మైకు పర్మిషను కొరకు ఒక పూట నిలుచున్నందుకే విసుగుకొనుచున్నాము. వారు పుస్తకము పేరిట నలుగురు కూర్చొనుటకే భయపడవలసి వచ్చినది. అయినను కూర్చొన్నారు.

మన సీమవాడు మరియొకడు ఈ కథలో ముఖ్యుడు. సురవరం ప్రతాపరెడ్డిగారి ఊరు బోరవెల్లి ఆలంపురము ప్రాంతములోనిదే. 1926లో ఆయన 'గోలకొండ పత్రిక' ప్రారంభించినారు. నిజాము రాష్ట్రములో తెలుగు కవులు లేరన్న మాట ఎవరో అనగా, ఆయన వాదము పెట్టుకొనలేదు. ఊరూర ఉత్తరములు వ్రాసి, పద్యములు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేసినారు. అందులో 354 మంది కవులున్నారు. ఇంతకంటె మంచి జవాబు మేము ఎక్కడను చూడలేదు. ఆయన వ్రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. తెలుగునకు ఆ బహుమానము రావడము అదే మొదలు. అప్పటికి ఆయన లేరు, 1953 ఆగష్టులోనే గతించినారు.

ఇక పుస్తకాలు అమ్ముట అనగా ఏమో మాకు నేర్పినది వట్టికోట ఆళ్వారుస్వామిగారి జీవితము. ఆయన ధనవంతుడు కాడు, డిగ్రీలు లేవు. ఒక ఇంట వంట చేసి చదువు నేర్చుకొన్నాడు, హోటలులో సర్వరుగా పని చేసినాడు, పత్రికలో ప్రూఫులు దిద్దినాడు. 1938లో 'దేశోద్ధారక గ్రంథమాల' అనే పేరుతో చవుక పుస్తకములు అచ్చు వేయుట మొదలు పెట్టినాడు. అచ్చు వేసి అంగడిలో పెట్టి ఈగలు తోలుకొనుచు కూర్చొనలేదు. పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఊరూర తిరిగినాడు. పోయిన ఊరిలో నలుగురిని పోగు చేసి మాట్లాడినాడు, పుస్తకము చదివి వినిపించినాడు, కొనుడని అడిగినాడు. రచయితయు ఆయనే, ప్రచురణకర్తయు ఆయనే, అంగడియు ఆయన భుజమే. జైలుకు పోయి వచ్చినాడు, 'ప్రజల మనిషి' అనే నవల వ్రాసినాడు. 1961లో, నలుబదులలోనే పోయినాడు. పుస్తకాల అంగడిలో సభలేమిటి, అమ్మకము వేరు సాహిత్యము వేరు కదా అని మాతో ఎవరైనా అన్నప్పుడు మాకు ఆ సంచియే కంటి ఎదుట నిలుచును.

1943లో హైదరాబాదులో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు మరియొక ఉపాయము చేసినది. పరీక్షలు పెట్టినది. తెలుగు బడి లేని చోట ఉర్దూ చదివిన గుమాస్తాలు, దుకాణదారులు, ఇంటి ఆడవారు కూడ ఇంట కూర్చొని చదివి పరీక్షకు కూర్చొని, తెలుగులో ప్యాసైనామని సర్టిఫికెట్టు పొందినారు. పరీక్ష ఉన్నది కాబట్టి పుస్తకము కావలసి వచ్చినది, పుస్తకము కావలసినది కాబట్టి తెప్పించువాడు పుట్టినాడు. అందుచేతనే ఆ పరిషత్తు వార్షికోత్సవము ఆలంపురము వంటి ఊరిలో జరిగినను ఆదరించువారున్నారు.

ఇదంతయు నిజాము సీమ ముచ్చట. మన సంఘములో సగము మంది తుంగభద్ర వెంట వచ్చినవారు. 1953లో ఆనకట్ట పూర్తియై ఎడమ కాలువకు నీరు వదలిన తరువాత, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుండి రైతు కుటుంబములు వచ్చి సింధనూరు, మానవి, గంగావతి వైపుల నల్లరేగడి భూములు కొని, గుడిసెలు వేసి, 'క్యాంపు'లని పేరు పెట్టి, వరి పండించినారు. వారి తాత ముత్తాతలు బండిలో ఏమి తెచ్చినారని అడిగినాము. విత్తనములు, ఇత్తడి సామాను, పాలిచ్చు గేదె, దేవుని పటము. ఒక్క క్యాంపులో మాత్రము ఒక అవ్వగారు, తన అత్తగారు తెచ్చిన భారతము సంపుటములు చూపినారు. అట్టలు చెద తినినవి, లోపల పేజీలు గట్టిగానే ఉన్నవి. చదువువారెవరని అడుగగా, "నేను పోయినాక ఎవరూ లేరు నాయనా" అన్నారు.

ఆ జిల్లాలవారికి మేము గుర్తు చేయవలసినది ఒకటున్నది. 1914లో బెజవాడలో అయ్యంకి వేంకట రమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అది ఎంత ముందు మాటయో ఇప్పటివారికి తెలియదు. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువ మీద పుస్తకాల పడవ నడిపినారు. పడవలో పుస్తకములు పెట్టి, కాలువ ప్రయాణికులకును ఒడ్డున ఉన్న ఊళ్ళకును చదువుకొనుటకు ఇచ్చేవారు. కాలువ నీటితో పైరును, పడవలో పుస్తకమును ఒక్క దారినే వచ్చినవి. మనవారు తుంగభద్ర కాలువ వెంట వచ్చి పైరు మాత్రము పెట్టినారు. పడవ వెనుకబడినది.

ఇక మా శాఖ మాట చెప్పక తప్పదు. రైలువాడు రైలు సంగతి చెప్పకున్న అన్నము అరగదని మా ఇంటిలో వేళాకోళము. 1871లో బొంబాయి నుండి వచ్చిన గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేయు, మద్రాసు నుండి వచ్చిన మద్రాసు రైల్వేయు మన రాయచూరులోనే కలిసినవి. 1874లో వాడి నుండి సికిందరాబాదుకు దారి పడినది. బెజవాడ మీదుగా మద్రాసు దారి పూర్తియగుటకు పందొమ్మిదవ శతాబ్ది చివర వరకు పట్టినది. దీని అర్థమేమి? ఆ పాతికేండ్లు మద్రాసు నుండి హైదరాబాదు పోవు రైలు దారి రాయచూరు మీదుగానే. నాటి తెలుగు అచ్చు పనికి రాజధాని మద్రాసే. 1854లో స్థాపితమైన వావిళ్ళవారి ముద్రాక్షరశాల అక్కడిదే. కాబట్టి రైలులో హైదరాబాదు చేరిన మద్రాసు పుస్తకము ఏదైనను మన ప్లాట్‌ఫారము మీదుగా పోయినదే. దిగినవెన్నో మాకు తెలియదు గాని, పోవుట మాత్రము ఇటే పోయినవి.

స్టేషనులోని పుస్తకాల స్టాలు కూడ చిన్న వస్తువు కాదు. 1877లో అలహాబాదులో మొదలైన వీలరువారు, మద్రాసులో 1844 నుండి ఉన్న హిగ్గిన్‌బాథమ్స్‌వారు రైలు స్టేషనులను పుస్తకాల అంగళ్ళు చేసినారు. కిప్లింగు అనే ఇంగ్లీషు రచయిత మొదటి కథల పుస్తకములను 1888లో వీలరువారే ఒక్కొక్కటి రూపాయికి రైలు ప్రయాణికుల కొరకు అచ్చు వేసినారు. బండి ఆగిన అయిదు నిమిషములలో అమ్ముడుపోవలసిన సరుకు అది. మా చిన్ననాడు వారపత్రికలు అట్లే కొన్నాము. ఇప్పుడు ప్రయాణికులు చేతిలోని ఫోను చూచుకొనుచు దిగిపోవుచున్నారు. స్టేషను స్టాళ్ళలో చాలచోట్ల పుస్తకముల కంటె బిస్కట్లును నీళ్ళ సీసాలును ఎక్కువగా కనిపించును. వారిని తప్పు పట్టలేము, అంగడివాడు అమ్ముడుపోవునది పెట్టును.

మరి పుస్తకాల అంగడి బ్రతికేది ఎట్లు? బ్రతికినచోట్ల సంగతి చూచినాము. పారిస్ నగరములో సిల్వియా బీచ్ అనే అమెరికా ఆమె 1919లో 'షేక్స్‌పియర్ అండ్ కంపెనీ' అనే చిన్న అంగడి పెట్టినది. పరాయి దేశములో, పరాయి భాష పుస్తకములతో. అమ్మేది, అద్దెకిచ్చేది, రచయితలను కూర్చోబెట్టి చదివించేది. ఎవరును అచ్చు వేయ సాహసించని జేమ్స్ జాయిస్ నవలను 1922లో ఆ అంగడియే అచ్చు వేసినది. వలస వచ్చినవారి భాష పుస్తకము వలస దేశములోనే వెలువడినదన్న మాట. ఇది మన విషయమునకు బొత్తిగా సంబంధించినది కాదని ఎవరైనా అనవచ్చును, మాకు మాత్రము చాల దగ్గరగా తోచినది. మన బెంగుళూరులోనే 'ఆట్ట గలాట్ట' అనే పుస్తకశాలవారు భారతీయ భాషల పుస్తకములు పెట్టి, రచయితలతో సభలు, పిల్లలకు కథల కూటములు నడిపినారు. హైదరాబాదులో డిసెంబరు పుస్తక ప్రదర్శన, విజయవాడలో జనవరి పుస్తక మహోత్సవము లోకమెరిగినవే. వెళ్ళినవారు చెప్పుదురు, రచయిత వచ్చి సంతకము పెట్టు స్టాలు దగ్గరనే జనము నిలుచుదురని.

మా అనుభవము కూడ ఒకటి చెప్పవలెను, సిగ్గుపడుచునే. ఆరేండ్ల క్రిందట మేమును ఇద్దరు మిత్రులును కలిసి ఒక కథారచయితను ఇక్కడికి పిలిచినాము. పుస్తకములు ముందుగా పార్సెలులో పంపవలసినదని ఫోనులో చెప్పినాము. మేము 'రాయచూరు' అన్నాము, అవతలివారు 'రాయదుర్గము' అని వ్రాసుకొన్నారు. చిరునామా వ్రాసి పంపక నోటితో చెప్పుట మా తప్పే. రోజూ వందల పార్సెళ్ళ మీద ఊళ్ళ పేర్లు చూచువారము, మా పార్సెలు దగ్గర మాత్రము ఏమరినాము. పుస్తకములు రాయదుర్గము పోయి, సభ అయిన రెండు రోజులకు ఇక్కడికి వచ్చినవి. సభకు వచ్చినది పదునాలుగు మంది, అందులో అయిదుగురు పిల్లలు. చీటీలు పంచలేదు, క్యాంపులకు కబురు చేయలేదు, నోటి మాటతో తెలియునని ఊరకున్నాము.

ఆ రచయితగారు పెద్ద మనస్సు కలవారు. బల్ల మీద పుస్తకము ఒక్కటి లేదు. ఆయన కుర్చీ వదలి చాప మీద పిల్లల నడుమ కూర్చొని, తన కథ నోటితోనే చెప్పినారు. చెప్పుచు చెప్పుచు ఆగి, "ఇక్కడ మీ ఊరిలో ఈ మాటకు ఏమంటారు?" అని అడుగుచు పోయినారు. పిల్లలు తెలుగు, కన్నడము కలిపి జవాబులు చెప్పినారు. అంతా అయిన తరువాత ఒక పిల్లవాడు ఆ కథ పుస్తకము కావలెనన్నాడు. "ఉంటే చదువుతావా?" అని ఆయన అడుగగా, వాడు మా వైపు చూచి, "తెలుగు అక్షరాలు రావు" అన్నాడు. ఆ మాట మాకు ఇంకను చెవిలో ఉన్నది.

ఎందుకనగా మా ఇంటిలోనిది కూడ అదే కథ. మా పెద్దమ్మాయికి తొమ్మిదేండ్లు. కన్నడము చక్కగా చదువును, ఇంగ్లీషు చదువును. ఊరి నుండి మా అమ్మగారు ఉత్తరము వ్రాయుదురు. ఫోనులో మాట్లాడినను ఉత్తరము వ్రాయుట మానలేదు. ఉత్తరము చివర ఎప్పుడును మనుమరాలికి నాలుగు పంక్తులు ఉండును. అమ్మాయి కాగితము పట్టుకొని వచ్చి, "నాన్నా, నాయనమ్మ నాకేమి రాసింది?" అని అడుగును. మేము చదివి చెప్పుదుము. కిందటి దీపావళికి అమ్మగారు ఆ నాలుగు పంక్తుల పైన 'ఇది అమ్మాయి ఒక్కతే చదువుకోవలెను, మీ నాన్నకు చూపవద్దు' అని వ్రాసినారు. తాతగారి మందులు, మా చిన్ననాటి అల్లరి, ఏవో రహస్యములు. అమ్మాయి ఆ కాగితము మడచి డబ్బాలో దాచుకొన్నది. చదువుట నేర్చుకొని చదువుకొనునట. మేము చదువలేదు.

ఇందులో ఆశ ఎక్కడ ఉన్నదనగా, కన్నడ లిపియు తెలుగు లిపియు అక్కచెల్లెళ్ళు. గుణింతము ఒక్కటే, ఒత్తుల పద్ధతి ఒక్కటే. కన్నడ తలకట్టు బల్లపరుపుగా ఉండును, మనది టిక్కు పెట్టినట్లుండును. క, త, శ వంటి కొన్ని అక్షరముల దగ్గర మాత్రము పిల్లలు తడబడుదురు. కన్నడము వచ్చిన పిల్లవాడు అ ఆల నుండి ఏడవనక్కర లేదు. మా అమ్మాయి సంక్రాంతి నుండి రోజుకు పావుగంట చొప్పున కూర్చొని, ఇప్పటికి పెద్ద అక్షరముల కథల పుస్తకము వ్రేలు పెట్టుకొని చదువుచున్నది. ఒత్తుల దగ్గర ఆగుచున్నది. డబ్బా ఇంకను తెరువలేదు, తప్పులు లేక చదువగలిగినప్పుడే తెరచునట.

అంగడి బల్ల మీద కన్నడ పుస్తకములు కూడ పెట్టవలెనని మేము మీటింగులో చెప్పినాము. కొందరికి నచ్చలేదు. మన డబ్బుతో వారి పుస్తకములెందుకన్నారు. మనము తిను అన్నము ఈ నేల మీదిది, మన పిల్లల బడి ఈ భాషలోనిది. పొరుగింటి కన్నడ పిల్లవాడు వరండాలోనికి వచ్చి తన భాష పుస్తకము తీసికొని, మన పిల్లవాని పక్కన కూర్చొనిన మనకు పోవునదేమి? ఆ రోజు ఒప్పుకొనని ఇద్దరు తరువాత ఒప్పుకొన్నారు. ఒకరు ఇంకను ఒప్పుకొనలేదు. అయినను ఆయనే బల్ల చేయించి ఇచ్చినారు.

2013లో రాయచూరు గద్వాల రైలు దారి తెరచినారు. సుమారు 60 కిలోమీటర్లు. 1956లో కాగితము మీద తెగినది పట్టాలతో కలిసినది. ఉగాది తరువాత వచ్చు రెండవ ఆదివారము మొదటి కూటమికి గద్వాల వైపు నుండి ఒక రచయితగారు వచ్చుటకు ఒప్పుకొన్నారు, ఆ బండిలోనే వచ్చుదురు. ఉదయము పిల్లలకు కథలు, మధ్యాహ్నము పెద్దలతో మాట. ఈసారి చీటీలు అచ్చు వేయించినాము. సింధనూరు, మానవి క్యాంపులకు మనుషులను పంపినాము. భారతము సంపుటములున్న అవ్వగారిని కారులో తీసికొని వచ్చు బాధ్యత ఒక మిత్రుడు తీసికొన్నారు. ఆమె ఒక పర్వము నుండి కొంత చదివి వినిపించుటకు సమ్మతించినారు, కళ్ళజోడు మార్పించవలెనని మాత్రము అడిగినారు.

పుస్తకముల పార్సెలు రెండు పెట్టెలు. చిరునామా ఈసారి మేమే స్వయముగా, పెద్ద అక్షరములతో, తెలుగు, కన్నడము, ఇంగ్లీషు మూడింటిలోను వ్రాసి పంపినాము. నిన్న సాయంత్రము దిగినవి. తడియలేదు, మూలలు చితుకలేదు. సంఘ భవనపు గదిలో పెట్టి తాళము వేసినాము. తాళపుచెవి కార్యదర్శిగారి వద్ద ఉన్నది.